ఆఫీసుకు పరిగెత్తిన రసాయన శాస్త్రజ్ఞుడు

ఆఫీసుకు నడిచి వెళ్ళేవాళ్ళున్నారు. సైకిలు మీద వెళ్ళేవాళ్ళున్నారు. బస్సులో వేళ్ళాడుతూ వెళ్ళేవాళ్ళకు కొదవే లేదు. కాని ఇంగ్లండులో మాంచెస్టరు నగరం పక్కన ఒకాయన ఏళ్ళ తరబడి ఆఫీసుకు పరిగెత్తి వెళ్ళాడు. బస్సు తప్పిపోయి కాదు. పొద్దున్నే లేచి, నిక్కరూ బనీనూ తొడుక్కుని, మైళ్ళకు మైళ్ళు పరిగెత్తి పనిలోకి చేరేవాడు. రోజంతా పని చేసేవాడు. సాయంకాలం మళ్ళీ పరుగునే ఇల్లు చేరేవాడు. అదీ దగ్గర దారిన కాదు. కావాలని చుట్టుదారి పట్టేవాడు.

ఆయన పేరు రాన్ హిల్. కోర్టాల్డ్స్ అనే బట్టల కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞుడు. నూలు మీదా, కృత్రిమమైన దారాల మీదా పరిశోధన ఆయన ఉద్యోగం. 1970లో ఈ ఉద్యోగి మారథాన్ పరుగును 2 గంటల 9 నిమిషాల 28 సెకన్లలో పూర్తి చేశాడు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద అంతకన్న త్వరగా మారథాన్ పరిగెత్తినవాడు ఒకే ఒక్కడున్నాడు, ఆస్ట్రేలియా దేశపు డెరెక్ క్లేటన్.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. విజయవాడలో బయలుదేరి గుంటూరు చేరినా పందెం పూర్తి కాదు, ఇంకా పరిగెత్తాలి. ఆ వేగం ఎంతో మీకు తెలియాలంటే మీ స్కూలు మైదానంలో 100 మీటర్లు కొలిచి గీతలు గీయండి. గడియారం చూస్తూ ఆ దూరం పరిగెత్తండి. 18 సెకన్లలో చేరారా? మీలో చురుకైనవాళ్ళు చేరగలరు. ఇప్పుడు ఆగకుండా, అదే వేగంతో మరో 421 సార్లు పరిగెత్తాలి! హిల్ చేసిన పని అదే.

ఇంత చేసినందుకు ఆయనకు వచ్చిన డబ్బెంత? ఏమీ లేదు. ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో గాని, మరే పెద్ద పందెంలో గాని పాల్గొనేవాళ్ళు పరుగు మీద డబ్బు సంపాదించకూడదని నియమం ఉండేది. అలాంటివాళ్ళను అమెచ్యూర్లు అనేవారు. పతకం ఇస్తారు, కప్పు ఇస్తారు, చిన్న పందేలలో గోడ గడియారమో చెంచాల పెట్టో ఇస్తారు. డబ్బు తీసుకున్నట్టు తేలితే ఆ మనిషిని పందేల నుంచి వెలివేసేవారు. 1980 తరవాత ఈ నియమాలు క్రమంగా సడలిపోయాయి గాని, హిల్ పరిగెత్తిన కాలంలో అవి చాలా గట్టివి. అంచేత పరిగెత్తేవాడు బతకడానికి వేరే పని చేసుకోవలసిందే. మిగతా మనుషులు విశ్రాంతి తీసుకునే వేళ ఇతను పరిగెత్తాలి.

రాన్ హిల్ 1938 సెప్టెంబరు 25న లాంకషైర్‌లోని అక్రింగ్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. లాంకషైర్ అంటే పెద్దవాళ్ళకు వెంటనే గుర్తుకు వస్తుంది: ఒకప్పుడు మన దేశాన్ని మిల్లు గుడ్డతో ముంచెత్తి మన సాలెవాళ్ళ మగ్గాలు మూలపడేట్టు చేసిన ప్రాంతం అది. ఆ మిల్లుల ఊళ్ళో పెరిగిన కుర్రవాడు వస్త్ర రసాయనంలో మాంచెస్టరు విశ్వవిద్యాలయం నుంచి డాక్టరు పట్టం పుచ్చుకోవడంలో వింతేమీ లేదు. పరుగు పిచ్చి ఎక్కడి నుంచి పట్టుకున్నదంటేనే వింత. మీరు చదువుతున్నట్టే ఆయన కూడా చిన్నతనంలో ఒక పిల్లల పత్రిక చదివేవాడు. దాని పేరు 'రోవర్'. అందులో ఆల్ఫ్ టప్పర్ అనే కల్పిత వీరుడి కథలు వచ్చేవి. ఈ టప్పర్ పగలంతా ఇనుము అతికే పని చేస్తాడు. అంగడిలో చేపముక్కలూ, వేయించిన బంగాళాదుంపలూ పొట్లం కట్టించుకుని తింటాడు. అలాగే వెళ్ళి, డబ్బున్న ఇళ్ళ పిల్లలు మంచి మంచి బూట్లు వేసుకుని పరిగెత్తే పందెంలో వాళ్ళందరినీ ఓడిస్తాడు. ఈ కథలు రాన్‌కు ప్రాణం. కథలోని వీరుడిలా కావాలని అనుకోని పిల్లలుండరు. కాకపోతే చాలామంది పత్రిక మూసి పక్కన పెట్టగానే ఆ మాట మరిచిపోతారు.

ఆయన మొదటి మారథాన్ 1961లో లివర్‌పూల్‌లో జరిగింది. మొదటి పందెంలోనే గెలిచాడు. ఇక తిరుగులేదనుకున్నాడేమో, 1964లో తోకియో ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. అక్కడ 10,000 మీటర్ల పరుగులో 18వ వాడుగా, మారథాన్‌లో 19వ వాడుగా వచ్చాడు. భూగోళంలో సగం చుట్టి వెళ్ళి ఇలా వెనకపడిపోవడం చిన్న దెబ్బ కాదు. మరొకడైతే, "మనకు ఉద్యోగం ఉంది, ఈ పరుగు ఎందుకు?" అని మానుకునేవాడు.

తోకియో మారథాన్ అక్టోబరు 21న జరిగింది. ఇంకా రెండు నెలలు నిండకుండా, డిసెంబరు 20 నుంచి హిల్ ఒక లెక్క మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి ఒక్క రోజు కూడా పరుగు మానకూడదు. కనీసం ఒక మైలైనా పరిగెత్తాలి. ఈ లెక్క సంగతి చివర చెబుతాను. అది ఇంతలో తెమిలేది కాదు.

ఆయన వారం ఎలా గడిచేదో చూడండి. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు రెండు పూటలా పరుగు. ఆదివారం ఒక్క పూటే, కాని అది 20 మైళ్ళ పరుగు. అంటే వారానికి 13 సార్లు. మొత్తం దూరం వారానికి 100 మైళ్ళు దాటేది. అన్నీ ఒకే మాదిరి పరుగులు కావు. కొన్ని రోజులు నెమ్మదిగా, కొన్ని రోజులు మధ్య మధ్య వేగం హెచ్చించి తగ్గిస్తూ పరిగెత్తేవాడు. శనివారం ఎక్కడో ఒకచోట పందెం ఉండేది. ఇంగ్లండులో శీతకాలం పొద్దున ఎనిమిది గంటలకు గాని వెలుతురు రాదు, సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది. పైన సన్నగా వాన, కింద బురద. ఈ మనిషిని రోజూ చూసే ఇరుగుపొరుగులు ఏమనుకునేవారో!

పరుగెత్తి వచ్చాక ఆ రోజు ఎన్ని మైళ్ళు పరిగెత్తిందీ పుస్తకంలో రాసుకునేవాడు. ఈ అలవాటు 1956లోనే, అంటే పద్దెనిమిదో ఏట మొదలయింది. శాస్త్రజ్ఞుడి బుద్ధి అక్కడే కనిపిస్తుంది. ఏ విధంగా సాధన చేస్తే ఏ ఫలితం వచ్చిందో కాగితం మీద ఉంటే గదా పోల్చి చూడడానికి వీలవుతుంది.

ఇక ఆయన దుస్తుల సంగతి. ఇది నాకు అన్నిటికన్న ముచ్చటైన భాగం, ఎందుకంటే ఇక్కడ ఉద్యోగమూ పరుగూ ఒకటైపోయాయి.

పరిగెత్తేవాడికి పెద్ద శత్రువు వేడి. మన కండరాలు పని చేసేటప్పుడు, తిన్న ఆహారం నుంచి వచ్చే శక్తిలో రమారమి నాలుగో వంతు మాత్రమే కదలికగా మారుతుంది. మిగతాదంతా వేడి అయిపోతుంది. ఆ వేడి బయటికి పోకపోతే మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు. దాన్ని బయటికి పంపడానికి శరీరానికి ఉన్న ఉపాయం చెమట. చెమట కారినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు. అది ఆవిరి కావాలి. ఎండాకాలంలో కొత్త కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? మట్టి రంధ్రాల గుండా నీరు ఊరి, పైన ఆవిరి అవుతూ, లోపలి వేడిని తీసుకుపోతుంది. మన చర్మమూ అంతే. మీరే చూడవచ్చు: ఒక ముంజేయి తడిపి, రెండోది పొడిగా ఉంచి, రెంటి మీదా విసనకర్రతో విసరండి. ఏది చల్లబడిందో చెప్పనక్కర్లేదు. ఒక లీటరు చెమట ఒంటి మీదనే ఆవిరి అయితే, అది తీసుకుపోయే వేడితో ఏడు లీటర్ల చన్నీళ్ళను మరిగే దాకా కాచవచ్చు.

ఆ కాలంలో పరుగువాళ్ళు మందపాటి నూలు బనీన్లు తొడిగేవారు. నూలు చెమటను బాగా పీలుస్తుంది, కాని త్వరగా ఆరదు. పది మైళ్ళు పోయేసరికి తడిసి బరువెక్కి ఒంటికి అతుక్కుపోతుంది. గాలి చర్మాన్ని తాకదు. హిల్ ఏం చేశాడంటే, వల లాంటి బనీను తొడిగాడు. చేపల వల చూశారుగా, అలా అంతా రంధ్రాలే. చూసినవాళ్ళు నవ్వితే నవ్వారు గాని, చెమట ఆరడానికి అంతకన్న మంచి బనీను లేదు. అలాగే నిక్కరు పక్కల పైదాకా చీల్చి కుట్టించాడు, తొడలకు అడ్డం పడకుండా.

బూట్ల విషయంలో కూడా ఆయన లెక్క చూసుకునేవాడు. మనమూ ఒక లెక్క వేద్దాం. పరిగెత్తేవాడు నిమిషానికి 180 అడుగులు వేస్తాడనుకోండి. 129 నిమిషాలలో 23,220 అడుగులు. ఒక్కొక్క కాలికి 11,610. ఒక బూటు బరువు 50 గ్రాములు తగ్గించామంటే, ఆ కాలు పందెం పూర్తయ్యేసరికి 580 కిలోల బరువు ఎత్తడం తప్పుతుంది. అంటే దాదాపు ఆరు క్వింటాళ్ళ బియ్యం! అందుకే సాధ్యమైనంత తేలిక బూట్లు వేసుకునేవాడు. గడ్డి నేల మీదా, మెత్తని బాట మీదా జరిగే పందేలలో ఒక్కొక్కప్పుడు బూట్లు విడిచి వట్టి కాళ్ళతోనే పరిగెత్తేవాడు.

మరి తిండి? పందెం ముందు బాగా తినాలని అందరూ అంటారు. ఏం తినాలి, ఎప్పుడు తినాలి? మన అన్నం, రొట్టె, బంగాళాదుంప లాంటి వాటిలోని పిండిపదార్థం శరీరంలో గ్లైకోజెన్ అనే రూపంలో కండరాలలోనూ, కాలేయంలోనూ నిలవ ఉంటుంది. పరుగుకు ముఖ్యమైన ఇంధనం అదే. చిక్కేమిటంటే, గట్టిగా పరిగెత్తితే మామూలు మనిషి నిలవ 20 మైళ్ళ దగ్గర అయిపోవచ్చు. తరవాత కొవ్వు కరగాలి, అది నెమ్మదిగా అయ్యే పని. కాళ్ళు సీసం పోసినట్టవుతాయి. పరుగువాళ్ళు దీన్ని "గోడకు కొట్టుకోవడం" అంటారు. మారథాన్‌లో చివరి ఆరు మైళ్ళే అసలు పందెం అని వాళ్ళు చెప్పడానికి కారణం ఇదే.

1960 తరవాత స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు ఒక సంగతి కనిపెట్టారు. కండరాలలోని గ్లైకోజెన్‌ను ముందు పూర్తిగా ఖర్చు చేసి, తరవాత పిండిపదార్థాలు బాగా తింటే, కండరాలు మామూలుకన్న ఎక్కువ నిలవ చేసుకుంటాయి. ఏకాదశి నాడు ఉపవాసం ఉన్నవాడు ద్వాదశి నాడు రెండాకులు తిన్నట్టన్నమాట. హిల్ ఈ ఉపాయాన్ని తన మీదే ప్రయోగించి చూశాడు. పందెం వారం ఉందనగా బాగా దూరం పరిగెత్తి నిలవ అంతా ఖాళీ చేశాడు. మూడు రోజులు రొట్టె, బంగాళాదుంప, చక్కెర ముట్టకుండా మాంసం, గుడ్లు, జున్ను వంటివే తిన్నాడు. చివరి మూడు రోజులూ రొట్టెలూ తీపి పదార్థాలూ పట్టు పట్టాడు. మొదటి మూడు రోజుల్లో మనిషికి నీరసమూ చిరాకూ తప్పవు. అమ్మానాన్నలకు ఒక మాట: ఆ కాలంలో ఇది కొత్త గాని, అలా ముందుగా నిలవ ఖాళీ చేయనక్కర్లేదని తరవాతి పరిశోధనలు తేల్చాయి. చివరి రోజుల్లో సాధన తగ్గించి, అన్నమో రొట్టెలో కడుపునిండా తింటే చాలు. ఎదిగే పిల్లలకైతే ఇలాంటి ప్రయోగాలు బొత్తిగా పనికిరావు.

ఈ ప్రయోగం 1969లో అథెన్సులో పరీక్షకు నిలిచింది. యూరప్ దేశాల మారథాన్ పందెం అది. మారథాన్ అనే పేరు గల ఊరి నుంచే బయలుదేరి అథెన్సులోని పాత చలువరాతి స్టేడియం దాకా పరిగెత్తాలి. బెల్జియం దేశపు గాస్టన్ రోలాంట్స్, 1964లో ఒలింపిక్ స్వర్ణపతకం గెలిచినవాడు, ముందు పోతున్నాడు. చాలాసేపు ఇతన్ని అందుకోవడం అసాధ్యమనిపించింది. కాని అథెన్సు నగరం లోపలికి వచ్చాక, గమ్యం దగ్గరపడే వేళకు రోలాంట్స్ కాళ్ళు బరువెక్కాయి. హిల్ కాళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. అందుకున్నాడు, దాటాడు, గెలిచాడు. రొట్టెలు పని చేశాయి!

మరుసటి ఏడు ఏప్రిల్‌లో అమెరికాలోని బాస్టన్ వెళ్ళాడు. వాన, చలి, ఎదురుగాలి. మాంచెస్టరు మనిషికి ఈ వాన ఒక లెక్కా? 2 గంటల 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేశాడు. అంతకు ముందటి ఏడు నెలకొన్న బాస్టన్ రికార్డు కన్న ఇది మూడు నిమిషాలకు పైగా తక్కువ. ఆ పందెం గెలిచిన మొదటి బ్రిటిష్‌వాడు ఆయనే. ఇచ్చిన బహుమానం ఒక పతకం, ఆకులతో అల్లిన తల దండ, అందరితోపాటు ఒక గిన్నెడు వేడి వేడి మాంసం కూర. (ఆడపిల్లలకు ఒక మాట. ఆ పందెంలో అప్పట్లో స్త్రీలను చేర్చుకునేవారే కారు. 1972 నుంచి గాని వాళ్ళకు తలుపు తెరుచుకోలేదు.)

మూడు నెలల తరవాత, జూలై 23న, ఎడింబరోలో కామన్వెల్తు క్రీడల మారథాన్. మొదట చెప్పిన 2 గంటల 9 నిమిషాల 28 సెకన్ల పరుగు ఇదే. రెండోవాడు జిమ్ ఆల్డర్ ఆ ముందు క్రీడల్లో ఇదే పందెం గెలిచినవాడు, స్కాట్లండుకు చెందినవాడు, చూసే జనమంతా అతని పక్షం. అయినా హిల్ గమ్యం చేరిన రెండున్నర నిమిషాలకు గాని అతను చేరలేదు. హిల్ ఒంటి మీద ఆ వల బనీనే ఉంది.

1972లో మ్యూనిక్ ఒలింపిక్స్ వచ్చేసరికి అందరి కళ్ళూ ఆయన మీదనే. ఈసారి ఎండ వేడిని తిప్పికొట్టడానికి వెండిలాగా తళతళ మెరిసే నిక్కరూ బనీనూ తయారు చేసుకున్నాడు. సాధనలో లోపం లేదు. దుస్తుల్లో లోపం లేదు. అయితే ఆ క్రీడల్లోనే ఘోరం జరిగింది. ముష్కరులు ఇజ్రాయెల్ బృందం మీద దాడి చేసి 11 మందిని పొట్టనబెట్టుకున్నారు. పోటీలు ఆగి, మారథాన్ ఒక రోజు వెనక్కి జరిగింది. చివరి రోజుల తిండీ విశ్రాంతీ గంటల లెక్కన ఏర్పాటు చేసుకున్నవాడికి ఒక రోజు తేడా తక్కువేమీ కాదు. అయితే ఆ రోజు తేడా అందరికీ ఒకటే గదా. అమెరికా దేశపు ఫ్రాంక్ షార్టర్ గెలిచాడు. హిల్ ఆరోవాడుగా వచ్చాడు. ఆయనకు ఒలింపిక్ పతకం ఎన్నడూ దక్కలేదు. మెరిసే దుస్తులు ఎంత ఉపకరించాయో తెలుసుకోవడానికి ఒకే మనిషి ఒకే రోజు రెండు విధాలుగా పరిగెత్తాలి. అది ఏ శాస్త్రజ్ఞుడి వల్లా కాదు.

1970లోనే ఆయన పరుగు దుస్తులు తయారు చేసే కంపెనీ ఒకటి తన పేరుతో మొదలుపెట్టాడు. త్వరగా ఆరే కృత్రిమ దారాలతో నేసిన ఆ లాగులూ బనీన్లూ ఇంగ్లండులో సాయంకాలం సరదాకు పరిగెత్తే వేలాదిమంది తొడిగారు. ఈ రోజున మీ ఆటల మాస్టారు వేసుకునే జారుడు గుడ్డ బనీను చూడండి, అదీ ఆ జాతిదే.

ఇక ఆ రోజువారీ లెక్క. 1964 డిసెంబరు 20న మొదలయిందిగా. 26 ఏళ్ళకు పైగా ఆదివారాలు తప్ప రోజుకు రెండు పూటలా పరిగెత్తాడు. తరవాత పూటలు తగ్గించాడు గాని రోజు తప్పలేదు. జ్వరం వచ్చినా పరుగే. కారు ప్రమాదంలో రొమ్ము ఎముక విరిగింది. మర్నాడు కూడా ఒక మైలు పరిగెత్తాడు. 1993లో పాదానికి శస్త్రచికిత్స జరిగితే చంకల కింద కర్రలు పెట్టుకుని, గెంతుకుంటూ మైలు పూర్తి చేశాడు. ఇది పట్టుదలా, మొండితనమా? నన్నడిగితే రెండోదే. ఎముక విరిగినవాడు మంచం మీద ఉండాలి. కాని ఇలాంటి మొండిమనిషి గురించి చదవడం మాత్రం నాకు ఇష్టమే. ఈ మధ్యలో ఆయన 115 మారథాన్లు పరిగెత్తాడు, 100 దేశాల్లో పందేలలో పాల్గొన్నాడు.

2017 జనవరి చివర ఒక రోజు, 78 ఏళ్ళ వయసులో, ఎప్పటిలాగే మైలు పరుగుకు బయలుదేరాడు. కాస్త దూరం పోగానే గుండెలో నొప్పి పుట్టింది. పోనుపోను ఎక్కువయింది. ఇక్కడే పోతానేమో అనుకున్నాడు, అయినా మైలు పూర్తి చేశాడు. ఎడింబరోలో ఒక్కొక్క మైలుకూ 5 నిమిషాలు కూడా పట్టని మనిషికి ఈ మైలుకు 16 నిమిషాల పైన పట్టింది. భార్య మే, పిల్లలు, స్నేహితులు గుర్తుకు వచ్చారు. మర్నాడు పరిగెత్తలేదు. 52 సంవత్సరాల 39 రోజులు, అంటే 19,032 రోజుల లెక్క అక్కడ ఆగింది. ఆ తరవాత నాలుగేళ్ళు బతికి, 2021 మే 23న, 82 ఏళ్ళ వయసులో రాన్ హిల్ చనిపోయాడు.